మచ్చలు తీసిన ముఖం

మా అమ్మ ముఖాన్ని నా చేతులారా తుడిచేశాను. అందుకు కప్పు టీ చల్లారేంత సమయం కూడా పట్టలేదు. ఫోన్‌లో ఒక చోట వేలు పెట్టాను, అంతే. అమ్మకున్న ఒకే ఒక్క ఫోటో అది. ఆ రోజు నాకు బాధ కలగలేదు సరికదా, పని బాగా కుదిరిందని ముచ్చటపడ్డాను. ఇప్పుడు అమ్మ ముఖం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇంకొకరిని అడగాల్సిన గతి పట్టింది.

బస్తర్ అడవుల్లోని ఆవపల్లిలో నాదొక చిన్న దుకాణం. ఫోటోలు తీస్తాను, ఆన్‌లైన్‌లో ఫారాలు నింపుతాను, కాగితాలు ప్రింటు తీసిస్తాను. హిందీలో వచ్చిన ఉత్తరాన్ని చదివి తెలుగులోనో, దోర్లీలోనో, నాకు వచ్చినంత గోండీలోనో చెబుతాను. సంత రోజున ఊపిరి సలపదు. తలమీది గంప గుమ్మం దగ్గర దించి, చీర కొంగున ముడేసిన కార్డు విప్పి, అది ఎందుకు పనిచేయడం లేదో నన్నే అడుగుతారు. నాకు తెలియదంటే నమ్మరు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి అన్నీ తెలుసనుకుంటారు. నేను కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

మా దుకాణానికి వచ్చే బేరాల్లో ఒకటి చనిపోయినవాళ్ళ ఫోటోలు. మా వైపు పాతతరం వాళ్ళకు ఫోటో అంటే ఏదో ఒక కార్డు మీద ఉండే గోరంత బొమ్మే. అది పట్టుకొచ్చి, పెద్దది చేసి ఫ్రేము కట్టివ్వమంటారు. ఇదివరకు నేను చేతులెత్తేసేదాన్ని. పెద్దది చేసేకొద్దీ ముఖం కాస్తా బూడిద ముద్దయ్యేది. తర్వాత ఈ ఏఐ యాప్‌లు వచ్చాయి. మసక ఫోటో ఇస్తే చాలు, కళ్ళు ఎక్కడుండాలో, ముక్కు ఎంతుండాలో యాప్ తనే ఊహించి గీసేస్తుంది. చిరిగిన చోట అతుకుతుంది. ఎండకు మాడిన ఒంటికి కాస్త తెలుపు కూడా పూస్తుంది. ఆ రోజు నుంచి నా చేతికి మంచి పేరొచ్చింది. చేసింది నా చెయ్యి కాదని ఎవరికీ చెప్పలేదు.

అమ్మకు ముఖం మీదా చేతుల మీదా పచ్చబొట్లు ఉండేవి. ఆమె తరం ఆడవాళ్ళందరికీ ఉండేవి కనుక వాటిని ఎవరూ పనిగట్టుకుని చూసేవారు కాదు. పొడిచే ఆమె చలికాలం వెళ్ళేటప్పుడు ఊరూరా తిరిగేదట. దీపం మసి నూనెలో కలిపి, సూదులు కట్టగట్టి పొడిచేదట. ఆమె వచ్చిందంటే ఆడపిల్లలు గాదెల వెనక దాక్కునేవారని, పెద్దవాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుని కూర్చోబెట్టేవారని అమ్మ నవ్వుతూ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి ఆ మనిషి రాకపోకలు తగ్గిపోయాయి. వచ్చినా నేను దొరికేదాన్ని కాదు.

ఒకసారి మాత్రం అమ్మ అడిగింది.

"ఒక్కటన్న పొడిపిచ్చుకోవే. చేతి మీదనన్న."

"ఎందుకే అమ్మా, నొప్పి."

"ఇవి లేకుంటె పైకి పోయినంక మా అమ్మ నన్ను ఎట్ల గుర్తుపడతది మరి? మెడల పూసలు, ఒంటి మీది బట్ట, అన్నీ ఈడనే తీసుకుంటరు. ఇవి మాత్రం ఎవరూ తీయలేరు."

నేను నవ్వేశాను. అప్పటికే బీజాపూర్ హాస్టల్లో చదువుతున్నాను. హాస్టల్ చదువు మనిషికి ముందుగా నేర్పేది తన ఇంటివాళ్ళను చూసి సిగ్గుపడడం. అది ఏ పుస్తకంలోనూ ఉండదు, అయినా అందరికీ వచ్చేస్తుంది. అమ్మ నన్ను చూడడానికి వచ్చినప్పుడల్లా ఆకు దొన్నెలో వేయించిన ఇప్పపువ్వు తెచ్చేది. అది అందరం ఎగబడి తినేవాళ్ళం. తిన్న నోటితోనే ఒక పిల్ల అడిగింది, మీ అమ్మ ముఖం మీద పెన్నుతో ఎవరు గీశారు అని. అందరూ నవ్వారు. వాళ్ళలో సగం మంది తల్లులకు అవే బొట్లున్నాయి. నేనూ వాళ్ళతోపాటు నవ్వాను.

ఆ తర్వాత అమ్మ వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపి, కొంగు ముందుకు లాక్కోమని చెప్పాను. ఎండగా ఉందన్నట్టు చెప్పాను కానీ ఆమెకు అర్థమైంది. కొంగు కనుబొమల దాకా లాక్కుంది. హాస్టల్లో నేనున్నన్నాళ్ళూ అలాగే వచ్చింది, వానల్లో కూడా. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

తర్వాత అడవిలో గొడవలు ముదిరి కొన్నేళ్ళు ఊళ్ళు విడిచి ఉండాల్సి వచ్చింది. మేము సరిహద్దు దాటి చర్ల వైపు వెళ్ళాం. తెలుగు రాయడం అక్కడే నేర్చుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఇంట్లో కాగితమనేది మిగల్లేదు. నేను ఆవపల్లిలో దుకాణం పెట్టాను. అమ్మ ఊళ్ళో అన్న దగ్గర ఉండేది. రోజూ ఫోటోలు తీసే మనిషిని, అమ్మను ఒక్కసారి కూడా కెమెరా ముందు కూర్చోబెట్టలేదు. ఆమె వచ్చేది సంత రోజు. సంత రోజు నాకు తీరిక ఉండేది కాదు. దుకాణం బయట బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పి, పొద్దు వాలేముందు వెళ్ళిపోయేది.

మూడేళ్ళ కింద, వానలు మొదలైన కొత్తలో, నాలుగు రోజుల జ్వరంతో అమ్మ పోయింది.

దినానికి ఫోటో పెట్టాలని అన్నకు పట్టుదల. ఇప్పుడు మా వైపు కూడా ఆ అలవాటు వచ్చింది. ఇల్లంతా వెతికితే రేకుపెట్టె అడుగున ఒక చిన్న ఫోటో దొరికింది. తిరిగొచ్చిన కొత్తలో, నా దుకాణం ఇంకా లేనప్పుడు, ఏదో ఫారానికని సంతలో తీయించుకున్నది. ఆ ఫారం ఇవ్వనే లేదు, కార్డూ రాలేదు. చెమ్మకు అంచులు ఉబ్బాయి. ముఖమంతా బూజు చుక్కలు. నుదుటి పక్కన నీలం సిరా అలుక్కుపోయింది. అన్న దాన్ని జేబురుమాలులో చుట్టి నా దుకాణానికి తెచ్చాడు.

"జర సాఫ్ చేసి పెద్దగ చెయ్యే. ఇట్ల పెడితే ఏం బాగుంటది."

ఫోన్‌తో దాన్ని ఫోటో తీసి యాప్‌లో వేశాను. ముఖంపై మచ్చలున్నాయి, తొలగించాలా అని హిందీలో అడిగింది. అవునని నొక్కాను. చక్రం తిరిగింది. సిరా పోయింది. బూజు పోయింది. వాటితోపాటు బొట్లు కూడా పోయాయి. పాపం దానికేం తెలుసు, బూజు చుక్కేదో, అమ్మ చుక్కేదో.

చూసుకోలేదని అబద్ధం చెప్పను. చూశాను. నున్నటి నుదురుతో, చామనఛాయ కాస్తా తెలుపెక్కిన ముఖంతో అమ్మ నా వైపు చూస్తోంది. బొట్లు పోయాయి కదా అని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణమే, పోనీలే, ఇలాగే బాగుంది అనుకున్నాను. బీజాపూర్ హాస్టల్ గేటు దగ్గర నిలబడిన పిల్ల నాలోంచి పోలేదన్నమాట. అమ్మను కొంగు లాక్కోమన్న ఆ పిల్లకు ఇన్నాళ్ళకు కోరిక తీరింది.

అన్న ప్రింటు చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ఏందే ఇది, అమ్మ పట్నం మనిషి లెక్క ఉన్నది."

అంటూనే ఏడ్చాడు. ఏడుస్తూనే, చాలా బాగా చేసినవ్ అన్నాడు. దినం నాడు వచ్చినవాళ్ళందరూ ఆ ఫ్రేము దగ్గర ఆగి మెచ్చుకున్నారు. నలుగురైదుగురు తమ ఇళ్ళలోని పాత ఫోటోలు తెస్తామని అక్కడే చెప్పారు కూడా.

చనిపోయిన మనిషి వాడుకున్న వస్తువుల్ని పూడ్చిన చోట వదిలిరావడం మా పద్ధతి. అమ్మ దువ్వెన, పొగాకు డబ్బా, పూసల దండ, కొడవలి ఒక చాటలో పెట్టుకుని వెళ్ళాం. అన్న జేబులోంచి ఆ చిన్న ఫోటో తీసి, "ఇది కూడ అమ్మదే కద. మనకు మంచిది ఉన్నది, ఈ మచ్చలది ఎందుకు ఇంక" అన్నాడు. నేను తల ఊపాను. ఫోటోను దువ్వెన కింద పెట్టి పైన రాయి ఉంచాం. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు.

ఫోన్‌లో దాని నకలు ఉండాలి కదా అంటారు. ఉండేది. ఆర్నెల్ల తర్వాత ఫోన్ నిండిపోయింది. మసకగా ఉన్నవి, ఒకేలా ఉన్నవి ఏరి పెట్టాను, తీసేయమంటారా అని ఫోన్ తనంతట తనే అడిగింది. వందల ఫోటోలున్నాయి, బయట జనం నిలబడి ఉన్నారు. తీసేయమన్నాను. అమ్మవి రెండు ఫోటోలున్నాయి కనుక, వాటిలో బాగా లేనిది పోయింది. ఏది బాగుందో, ఏది బాగా లేదో తేల్చింది ఫోనే. నేను అడ్డు చెప్పలేదంతే.

ఏం పోగొట్టుకున్నానో నాకు చాలాకాలం తట్టనే లేదు. తట్టించింది పింఛను ఫోటోకు వచ్చిన ఒక ముసలమ్మ. ఫోటో తీసి ప్రింటు చేతిలో పెడితే దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇది ఎవరిది బిడ్డా?"

"నీదే అవ్వా."

"నా బొట్లు ఏడబోయినయ్?"

చూద్దును కదా, నిజంగానే లేవు. నేను ఏ యాప్‌లోనూ వేయలేదు. కొత్త ఫోన్ కెమెరా తనే ముఖాన్ని నునుపు చేసి తీస్తోంది. ఎన్ని నెలలుగా అలా తీస్తోందో, ఎంతమంది ఆడవాళ్ళు తమ ముఖం కాని ముఖాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళారో నాకు తెలియదు. వాళ్ళెవరూ అడగలేదు. కంప్యూటర్ ఇచ్చింది కదా, అదే నిజమనుకుని ఉంటారు. ఆ నునుపు చేసే మీట ఎక్కడుందో వెతికి ఆపి, ముసలమ్మకు మళ్ళీ ఫోటో తీశాను. ఈసారి బొట్లు పడ్డాయి. ఆమె వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకుని, సరే అని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నేను కళ్ళు మూసుకున్నాను. అమ్మ ముఖం తెచ్చుకుందామని. వచ్చింది. నున్నటి నుదురు, తెల్లటి చెంపలు, ఫ్రేములోని ముఖం. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే. అమ్మ నుదుటి మీద ఎన్ని చుక్కలుండేవి? మూడా, ఐదా? కణతల మీద గీతలా, చుక్కలా? నా పాతికేళ్ళ బతుకు ఆ ముఖాన్ని చూస్తూ గడిచింది, కానీ ఎంత తన్నుకున్నా లెక్క తేలలేదు. చేతులవి మాత్రం బాగా గుర్తున్నాయి. ఎడమ చేతి మీద చేపముల్లు లాంటి వరస, మణికట్టు చుట్టూ చుక్కలు, కుడి చేతి మీద తేలు. అవెందుకు గుర్తున్నాయంటే ఫోటోలో చేతులు లేవు. ఫోటోలో ఉన్నంత మేరకే అమ్మ పోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. చెరిపింది అదే కదా, అదే తెచ్చిస్తుందిలే అనుకున్నాను. ఫోటో ఇచ్చి, ఈమె బస్తర్ ఆదివాసీ మహిళ, ముఖం మీద పచ్చబొట్లు ఉండేవి, తిరిగి పెట్టు అని హిందీలో రాశాను. పెట్టింది. నుదుటి మీద ముగ్గు లాంటి పువ్వు వేసింది. అడక్కపోయినా మెడ నిండా పూసలు వేసింది, తలకు ఈకలు తగిలించింది, చెవులకు మోయలేనంత వెండి పెట్టింది. వెనకాల ఒక జలపాతం కూడా పారించింది. మా అమ్మ జన్మలో ఈక తలలో పెట్టుకోలేదు. ఇది కాదు, మామూలుగా ఉండేది అని రాశాను. పూసలు తగ్గించి నవ్వు పెంచింది. పది రకాలుగా అడిగితే పదిమంది ఆడవాళ్ళను చూపించింది. ప్రతి ఒక్కరూ చక్కగా ఉన్నారు, ప్రతి ఒక్కరూ ఏదో పండగ బొమ్మలోంచి లేచొచ్చినట్టున్నారు. బస్తర్ ఆడమనిషి ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసట. మా అమ్మ ఎలా ఉంటుందో దానికి తెలియదు. నాకూ తెలియదని దానికి చెప్పుకోలేకపోయాను.

లోకంలో ఉన్న ముఖాలన్నీ చూసి, ముఖమంటే ఇలా ఉండాలని అది నేర్చుకుందంటారు. అది చూసిన వాటిలో మా వాళ్ళవి ఎన్నున్నాయో. ఉన్నవాటినైనా నేనే మచ్చలు తీసి పంపాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో గోడల మీద నేను చేసిచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నారు. అందరి నుదుళ్ళూ నున్నగా ఉన్నాయి. అన్న కూతురు పరీక్షకు వెళ్ళేముందు అమ్మ ఫ్రేముకు దండం పెట్టుకుంటుంది. మా నానమ్మ ఎంత తెల్లగుండేదో అని స్నేహితురాళ్ళతో చెబుతుంది. దాన్ని దిద్దాలనే అనుకుంటాను. ఏం చెప్పి దిద్దాలి?

అన్నను అడిగాను. "నుదుట మీద ఉండె కద" అన్నాడు. ఎన్ని అంటే, "ఉండెనే, అందరికి ఉన్నట్ల" అన్నాడు. అంతకు మించి అతనికీ రాలేదు. ఫ్రేము అతని ఇంట్లోనే ఉంది మరి, రోజూ చూస్తాడు.

ఇక మిగిలింది చిన్నమ్మ. అమ్మ సొంత చెల్లెలు, బాసగూడలో ఉంటుంది. మొన్న ఎండాకాలం, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, దుకాణం మూసి స్కూటీ మీద వెళ్ళాను. చిన్నమ్మ వాకిట్లో పువ్వు ఆరబోస్తోంది. నీళ్ళిచ్చి, జావ ఇచ్చి, ఎవరెవరు ఎలా ఉన్నారో అడిగింది. అన్నీ అయ్యాక ఫోన్‌లో ఫోటో తీసి చూపించాను. దినానికి ఆమె రాలేకపోయింది, అప్పుడు వాగు పొంగి ఉంది.

చిన్నమ్మ ఫోన్‌ను ఎండకు అడ్డంగా పట్టుకుని చూసింది.

"ఎవరే ఈమె? మీ వదిన తరపామెనా?"

"అమ్మ, చిన్నమ్మా."

నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. మళ్ళీ చూసింది. ఫోన్ నా చేతికిచ్చేసి, కాసేపు పువ్వు కెలుకుతూ కూర్చుంది. జరిగిందంతా చెప్పాను. కొంగు సంగతి కూడా చెప్పాను. అది ఎవరికీ చెప్పని మాట.

"ఇటు తిరుగు" అంది.

తిరిగాను. పువ్వు జిగురు అంటిన వేలితో నా నుదుటి మీద తాకింది.

"ఈడ మూడు. నడుమది జర పెద్దది. ఈ కణత మీద రెండు, ఆ కణత మీద ఒకటే. రెండోది పొడువకముందే అక్క లేచి ఉరికింది. మళ్ళ కూసోలేదు." తర్వాత వేలు కిందికి వచ్చింది. పెదవి దిగువన, గడ్డం నడిమధ్య ఆగింది. "ఈడ ఒకటి."

"గడ్డం మీద లేదు కద చిన్నమ్మా."

"ఎట్ల లేదు? అది నీ చుక్కే."

నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ వేలు తీయకుండానే చెప్పింది.

"నువ్వు పుట్టిన నెలకు పాలు తాగుడు మానేసినవ్. కడుపు ఉబ్బి, ఏడుద్దామంటే గొంతు లేదు. అప్పుడే పొడిచే ఆమె ఊర్లకు వచ్చింది. పిల్ల కడుపు మీద ఒక్క చుక్క పెడితే పోతదన్నది. అప్పట్ల అందరం పెట్టించెటోళ్ళం. సూది తీసింది. అక్క నిన్ను చూసుకున్నది. ఉడుత పిల్లంత ఉన్నవ్. దీనికి వద్దు, నాకు పొడువు అన్నది."

"అట్ల పనిచేస్తదా?"

"చెయ్యదనే ఆమె చెప్పింది. రోగం ఒకరికి, సూది ఒకరికా అని తిట్టింది కూడ. అక్క వింటెగా. గడ్డం ముందుకు పెట్టింది. చిన్నప్పుడు కణత మీద పొడుస్తుంటె లేచి ఉరికిన మనిషి. ఆ రోజు కదల్లేదు. నువ్వు నా ఒళ్ళనే ఉన్నవ్."

"తర్వాత?"

"పనిచేసిందో లేదో నాకు తెల్వదు. నువ్వైతే బతికినవ్."

చిన్నమ్మ వేలు తీసి మళ్ళీ పువ్వు నెరపడంలో పడింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. ఆమె నుదుటి మీద అమ్మవాటి లాంటి చుక్కలే ఉన్నాయి, చర్మంతోపాటు కాస్త కిందికి జారాయి. గడ్డం మీద ఏమీ లేదు. ఆ చుక్క అమ్మ ఒక్కదానికే ఉండేదట.

తిరిగి వచ్చేటప్పుడు తాలిపేరు వాగు దాటాక చెట్టు నీడన స్కూటీ ఆపి కళ్ళు మూసుకున్నాను. అమ్మ వచ్చింది. చిన్నమ్మ చెప్పినట్టే ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చాను. నుదుటి మీద మూడు, నడిమిది కాస్త పెద్దది. ఒక కణత మీద రెండు, ఇంకో కణత మీద ఒకటి. అవి నిలబడ్డాయి. కాస్త మసకగానైనా నిలబడ్డాయి. తర్వాత గడ్డం మీద పెట్టాను. నిలవలేదు. మళ్ళీ పెట్టాను. నాకోసం పొడిపించుకున్నదని తెలుసు, ఎక్కడుండేదో తెలుసు, ఒళ్ళో పడుకుని పాలు తాగుతూ అందరికంటే దగ్గరగా దాన్నే చూసి ఉంటానని కూడా తెలుసు. ఎంతసేపు కూర్చున్నా అమ్మ గడ్డం నున్నగానే కనిపించింది.